గుడ్లగూబ నాణెం: గుర్తించడమంటే ఏమిటి?

నాణేలు పోగుచేసేవాళ్ళను చూసి నవ్వడం మన అభ్యుదయవాదులలో చాలామందికి అలవాటు. పని లేని జమీందారులూ, పని చేయవలసిన అవసరం లేని వ్యాపారులూ పెట్టుకునే వ్యసనమని వారి ఉద్దేశం. ఈ ఉద్దేశంలో నిజం లేకపోలేదు. కాని ముప్ఫయి ఏళ్ళుగా ఆ వ్యసనం నాకూ ఉన్నది. నేను జమీందారును కాను. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయినవాణ్ణి. నేను పోగుచేసినవి అసలు నాణేలు కూడా కావు. మ్యూజియం కేటలాగుల నుంచి తీసుకున్న ఫోటోలు, ప్లాస్టరు అచ్చులు, వాటి గురించి నేను రాసుకున్న చీటీలు, ఇవీ నా ఆస్తి. నాణెం బొమ్మ చూసి అది ఏ నగరానిదో, ఏ కాలానిదో, అసలో నకలో చెప్పగలగడం నా సరదా. ఈ సరదా నిర్దోషమైనదనే చాలాకాలం అనుకున్నాను. ఒకే ఒక అసలు నాణెం నా బల్లమీదికి వచ్చి ఆ నమ్మకాన్ని కదిలించింది. దాన్ని గురించి నేను ఆలోచించినదంతా ఇక్కడ రాస్తున్నాను. నాణేలతో సంబంధం లేనివారికి కూడా ఈ ప్రశ్నతో సంబంధం ఉన్నదని నా అభిప్రాయం.

నేను ఈ దారిలో ఎట్లా పడ్డానో మొదట చెప్పాలి. శాతవాహనుల పాఠం చెప్పేటప్పుడు నహపాణుడి వెండి నాణేల ప్రస్తావన తప్పదు. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబిలో ఆ నాణేలు పదమూడు వేలకు పైగా ఒక్కచోట దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు ముద్ర! విద్యార్థులకు ఈ ఘట్టం బాగా నచ్చేది. ఒక సంవత్సరం ఒక కుర్రవాడు లేచి, “ఆ ముఖం చుట్టూ ఉన్న అక్షరాలు ఏ భాషవండీ?” అని అడిగాడు. గ్రీకు అక్షరాలని చెప్పాను. దక్కనులో చెలామణీ అయిన నాణెం మీద గ్రీకు అక్షరాలెందుకున్నాయని అడిగాడు. నాకు సరిగా తెలియదు. తెలుసుకుందామని మొదలుపెట్టి క్షత్రపుల నుంచి వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజులకూ, వారి నుంచి అలెగ్జాండరుకూ పోయాను. అలెగ్జాండరు తన వెండి నాణేలకు ఏథెన్సు తూకాన్నే తీసుకున్నాడు గనక అక్కడి నుంచి ఏథెన్సుకు పోక తప్పలేదు. తీగ లాగితే డొంకంతా కదిలింది.

ఆ కుర్రవాడు ఇప్పుడు విదేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ మధ్య సెలవుకు వచ్చినప్పుడు నన్ను చూడవచ్చి, జేబులోంచి చిన్న పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. “మాస్టారూ, మీరు జన్మంతా బొమ్మలే చూశారు. ఇది అసలుది. మీ కోసమే కొన్నాను” అన్నాడు. ఖరీదు చెప్పలేదు. నేను అడగలేదు.

పెట్టెలో ఏథెన్సు గుడ్లగూబ నాణెం ఉన్నది.

పాఠకులలో చాలామంది దీన్ని చూసి ఉండరు గనక వర్ణించాలి. దీని పేరు టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల నాణెం. తూకం పదిహేడు గ్రాముల పైచిలుకు. పాత వెండిరూపాయి ఒక తులమైతే ఇది తులంన్నర. ఒకవైపు ఎథీనా దేవత తల. శిరస్త్రాణం మీద మూడు ఆలివు ఆకులు. రెండోవైపు లోతుగా దిగిన చదరంలో గుడ్లగూబ. దాని వెనక ఆలివు రెమ్మ, నెలవంక. ముందు ఆల్ఫా, థీటా, ఎప్సిలాన్ అనే మూడు అక్షరాలు. ‘ఏథెన్సువారిది’ అని చెప్పడానికి ఆ మూడక్షరాలు చాలు. గుడ్లగూబ ఒళ్ళు పక్కకు తిరిగి ఉంటుంది గాని ముఖం మాత్రం తిన్నగా మనవైపు చూస్తుంది.

కాలం చెప్పడానికి దేవత కన్ను చూడాలి. ముఖం పక్కనుంచి కనబడుతున్నా, కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు బాదంగింజ ఆకారంలో ఉంటే అది క్రీ. పూ. అయిదవ శతాబ్దపు నాణెం. నాలుగవ శతాబ్దంలో ఆ కన్ను క్రమంగా పక్కచూపు కన్నుగా మారింది. శిల్పులు అంతకు ఎంతో ముందే సహజమైన కన్ను చెక్కడం నేర్చారు. నాణెం మాత్రం పాత కన్నునే అంటిపెట్టుకున్నది. కారణం తెలిసిందే. పరాయి దేశపు వర్తకుడు పాత బొమ్మనే నమ్ముతాడు. బొమ్మ మారితే అనుమానిస్తాడు. కళలో సంప్రదాయమంటే ఏమిటని చర్చించే మనవాళ్ళు ఈ చిన్న విషయాన్ని గమనించాలి.

నా చేతిలోని నాణెంలో కన్ను ఎదురుగా చూస్తున్నది. ఆకులూ, నెలవంకా పారసీకులతో యుద్ధం తరవాతివి. తూకం సరిపోయింది. పెలోపొనీసియన్ యుద్ధం ముగిసిన 404కు ముందు, అంతకు అర్ధశతాబ్దం లోపల కొట్టిన నాణెమని తేల్చాను. గుడ్లగూబ పక్కన ఒక లోతైన గాటు ఉన్నది. ఆ గాటు సంగతి తరవాత చెబుతాను. పరీక్ష పూర్తిచేసి అలవాటుగా చీటీ రాశాను: నగరం, విలువ, కాలం, తూకం, అచ్చు. అయిదు పంక్తులు. నాణేన్ని గుర్తించడం అయిపోయింది.

నిజంగా అయిపోయిందా?

మా కుర్రవాడు చీటీ చదివి, “ఇందులో వెండి సంగతి లేదేమండీ?” అన్నాడు. చిన్నప్పుడు అడిగిన ప్రశ్న లాగే ఇదీ నన్ను దారి పట్టించింది.

వెండి ఏథెన్సుకు ఆగ్నేయాన ఉన్న లౌరియన్ గనులది. క్రీ. పూ. 483 ప్రాంతంలో అక్కడ గొప్ప వెండిపొర బయటపడ్డది. ఆ డబ్బును పౌరులు తలకు పది డ్రాక్మాల చొప్పున పంచుకుందామనుకున్నారు. థెమిస్టోక్లిస్ వద్దని నచ్చజెప్పి యుద్ధనౌకలు కట్టించాడు. ఆ నౌకలే 480లో సలామిస్ దగ్గర పారసీకులను ఓడించాయి. ఇంతవరకు మన పాఠ్యపుస్తకాలలో ఉన్నది. ఆ వెండిని పైకి తీసినవారి సంగతి చాలా పుస్తకాలలో లేదు.

గనులను రాజ్యం పౌరులకు కౌలుకిచ్చేది. పౌరులు బానిసల చేత తవ్వించేవారు. బావులు కొన్ని వంద మీటర్లకు పైగా లోతు. సొరంగాలు మీటరు ఎత్తు కూడా లేనివి అనేకం. మనిషి బోర్లా పడుకునో, ఒక పక్కకు ఒరిగో తవ్వవలసిందే. వెలుతురుకు నూనె ప్రమిద. పైకి తెచ్చిన రాయిని దంచి, విసిరి, నీళ్ళలో కడిగి, కొలిమిలో కరిగిస్తే సీసం వచ్చేది. ఆ సీసాన్ని మళ్ళీ కాలిస్తే కాసింత వెండి మిగిలేది. సీసపు పొగ కొలిమివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోయేది.

ఇక్కడ ఒక లెక్క ఉన్నది. అది చెప్పినవాడు బానిసల పక్షపాతి కాడు. సోక్రటీసు శిష్యుడు జెనోఫన్ క్రీ. పూ. 355 ప్రాంతంలో ఏథెన్సు ఆదాయం పెంచే మార్గాల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. పూర్వం నికియాస్ అనే సంపన్నుడికి గనుల్లో వెయ్యిమంది బానిసలుండేవారని అందులో చెప్పాడు. వారిని సోసియాస్ అనే థ్రేస్ దేశస్థుడికి అద్దెకిచ్చాడు. అద్దె మనిషికి రోజుకు ఒక ఓబొల్. ఆరు ఓబొల్‌లు ఒక డ్రాక్మా. అంటే నా చేతిలో ఉన్న నాణెం ఇరవై నాలుగు ఓబొల్‌లు. ఒక మనిషి ఇరవై నాలుగు రోజులు భూమి లోపల పడుకుని తవ్వితే అతని యజమానికి ముట్టే అద్దె. నికియాస్ ఇంట్లో కూర్చుని రోజుకు ఇటువంటి నాణేలు నలభై ఒకటి పైగా అందుకునేవాడు. ఆ శతాబ్దం చివర ఏథెన్సులో నేర్పుగల పనివాడి రోజుకూలి ఒక డ్రాక్మా. పనివాడికి నాలుగు రోజుల బతుకు అయిన నాణెం, యజమానికి ఒక బానిస మీద ఇరవై నాలుగు రోజుల అద్దె.

ఆ ఒప్పందంలో ఇంకొక షరతు ఉన్నది. బానిసల సంఖ్య ఎప్పుడూ వెయ్యికి తగ్గకుండా సోసియాస్ చూసుకోవాలి. ఈ షరతును నేను ఎన్నోసార్లు చదివాను. ఎన్నడూ నిలిచి ఆలోచించలేదు. మనిషి చచ్చిపోతాడని ఒప్పందానికి తెలుసు. అందుకే చావును లెక్కలో కలిపి, లెక్క చెడకుండా కట్టుదిట్టం చేసింది. వెయ్యి ఎప్పుడూ వెయ్యే. అందులో ఎవరు పోయి ఎవరు వచ్చారన్నది యజమానికి అనవసరం.

బానిసలు ఊరుకున్నారనుకోవడం పొరపాటు. 413లో స్పార్టా సైన్యం ఏథెన్సు సరిహద్దులో డెకెలియాను ఆక్రమించగానే ఇరవై వేలమందికి పైగా బానిసలు పారిపోయారని థూసిడిడీస్ రాశాడు. వారిలో ఎక్కువమంది పనితనం తెలిసినవారట. క్రీ. పూ. రెండవ శతాబ్దం చివర లౌరియన్ బానిసలు కాపలావాళ్ళను చంపి, సూనియన్ కోటను పట్టుకుని, చుట్టుపట్ల ప్రాంతాన్ని చాలాకాలం తమ చేతిలో ఉంచుకున్నారు. ఇప్పుడు యాత్రికులు సూర్యాస్తమయం చూడడానికి పోయే సూనియన్ అదే.

నాణెం సంగతి విని ఇద్దరు మిత్రులు రెండు సలహాలిచ్చారు. రెండింటినీ పరిశీలించాలి, ఎందుకంటే మనలో చాలామంది ఈ రెండింటిలో ఒకదాని దగ్గర ఆగిపోతారు.

మొదటి మిత్రుడు ట్రేడ్ యూనియన్ కార్యకర్త. “అది బానిసల నెత్తురు గడ్డకట్టిన ముక్క. అందులో అందం చూడడమే పాపం. పారెయ్యి” అన్నాడు. ఆయన ఆవేశాన్ని నేను గౌరవిస్తాను. కాని వాదం నిలవదు. బానిసల శ్రమ కలిసినదాన్నల్లా పారెయ్యాలంటే సోఫోక్లిస్ నాటకాలను కూడా పారెయ్యాలి. ఆ నాటకాలు చూసే తీరిక పౌరులకు ఎవరి శ్రమ వల్ల దొరికింది? మన కోవెలలూ, కోటలూ, చెరువులూ వెట్టిచాకిరీ లేకుండా లేచాయా? గతంలోని అందాన్నంతా పాలకవర్గానికి రాసిచ్చి మనం చేతులు కడుక్కుంటే, ఆ అందంలోని శ్రమను కూడా వాళ్ళకే రాసిచ్చినట్టు. దోచినవాడికి రెండోసారి దోచిపెట్టడమే అవుతుంది.

రెండో మిత్రుడు నిజంగా నాణేలు కొనేవాడు, సంస్కారి. “కళను కళగా చూడాలయ్యా. సిరక్యూస్ నాణేలు చూడు. కిమోన్, యువైనెటోస్ అచ్చులో తమ పేర్లు చిన్న అక్షరాలతో చెక్కుకున్నారు. నువ్వు శ్రమ, శ్రమ అంటావే, శ్రమజీవి సంతకం చేసిన నాణెం అది” అన్నాడు. ఇది గట్టి మాట. అచ్చు చెక్కినవాడు తన పేరు చెక్కుకునే స్థితికి రావడం చిన్న విషయం కాదు. ఏథెన్సు తన చెక్కుడుపనివాళ్ళకు ఆ అవకాశం ఇవ్వలేదు. కాని అదే సిరక్యూస్‌లో 413లో ఏమి జరిగింది? ఏథెన్సు దండయాత్ర ఓడిపోయి, ఏడు వేలకు తక్కువ కాకుండా బందీలను రాతిగనుల్లో పడేశారు. ఎండకు ఎండి, చలికి వణికి, చచ్చినవారి శవాల మధ్యనే బతికినవారు ఉండవలసివచ్చింది. ఆ దండయాత్రకు సేనానులలో ఒకడు నికియాస్, వెయ్యిమంది బానిసల యజమాని. అతన్ని అక్కడే చంపారు. లౌరియన్ గొయ్యి మీద బతికిన నగరపు పౌరులు సిరక్యూస్ గోతిలో చచ్చారు. ఇది దైవశిక్ష అని నేను అనను. మనిషిని గోతిలో దించవచ్చునని ఒప్పుకున్న సమాజంలో, గోతిలో దిగేది ఎవరన్నది యుద్ధంలో గెలుపోటములే నిర్ణయిస్తాయి. సంతకం చేసిన నాణేన్ని సంతకం వరకే చదివి ఊరుకుంటే ఈ సంగతి కనబడదు.

ఇంతవరకూ నేను ఇద్దరికీ సమాధానం చెప్పగలిగాను. నాకు నేను సమాధానం చెప్పుకోవలసిన ఘట్టం ఇప్పుడు వస్తుంది.

గుడ్లగూబ పక్కన ఒక గాటు ఉన్నదని చెప్పాను. పూర్వం ఈ నాణేలలో దొంగవి ఉండేవి. లోపల రాగి, పైన వెండిరేకు. చూపుకు తేడా తెలియదు. అందుకని ఈజిప్టులో, సిరియాలో వర్తకులు ఉలితో గాటు పెట్టి లోపలి లోహాన్ని చూసేవారు. నా నాణెం గాటులో కూడా వెండే ఉన్నది. ఎవరో అనుమానించారు, నాణెం నెగ్గింది. మన భాషలో నాణెం, నాణ్యం దగ్గరి చుట్టాలు. నాణ్యం తేల్చడానికి కంసాలికి గీటురాయి ఎట్లాగో వారికి ఉలి అట్లాగ.

ఏథెన్సులో మాత్రం ఈ పరీక్షకు ప్రభుత్వమే ఒక మనిషిని పెట్టింది. 1970లో ఏథెన్సు అగోరా తవ్వకాలలో ఒక రాతిఫలకం దొరికింది. నికోఫోన్ అనేవాడు ప్రతిపాదించగా క్రీ. పూ. 375-374లో చేసిన చట్టం దాని మీద ఉన్నది. బజారులో షరాబుల బల్లల మధ్య పరీక్షకుడు కూర్చోవాలి. తెచ్చిన వెండి నాణేన్ని పరీక్షించాలి. మంచిదైతే అందరూ తీసుకోవలసిందే. కాదన్నవాడి సరుకు జప్తు. లోపల రాగో సీసమో ఉంటే అక్కడికక్కడే నరికి దేవమాతకు సమర్పించాలి. ఏథెన్సు బొమ్మతోనే పరాయి దేశంవాడు మంచి వెండితో కొట్టినదైతే తెచ్చినవాడికి తిరిగి ఇవ్వాలి. అంటే ఆ పరీక్షకుడు అసలును, దొంగదాన్ని, పరాయి నకలును వేరువేరుగా గుర్తించాలి. నేను ముప్ఫయి ఏళ్ళు కష్టపడి నేర్చిన విద్య అదే. ఫోటోలు లేవు, కేటలాగులు లేవు, సన్నని త్రాసులు లేవు. కన్ను, చెవి, వేలికొస, వీటితోనే అతను తేల్చాలి. వెనక బారులు తీరి జనం నిలబడి ఉంటారు.

అతను బానిస. చట్టంలోనే ఆ మాట ఉన్నది. పిరేయస్ రేవుకు ఇంకొక పరీక్షకుణ్ణి పెట్టాలని, ప్రభుత్వ బానిసలలో తగినవాడు లేకపోతే ఒకణ్ణి కొనాలని కూడా ఉన్నది. పరీక్షకుడు తన చోట కూర్చోకపోతే, చట్టప్రకారం పరీక్షించకపోతే, యాభై కొరడాదెబ్బలు.

ఈ చట్టం చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. గ్రీకు నాణేలు గుర్తించే నిపుణులలో ప్రపంచానికి తెలిసిన తొలి తరంవాడు కొరడా కింద కూర్చున్న బానిస. అతని మాటకు నగరంలోని షావుకార్లందరూ కట్టుబడాలి; అతని వీపు మాత్రం అతనిది కాదు. అతని తీర్పుకు విలువ ఉన్నది, అతనికి లేదు. అతని పేరు కూడా చట్టంలో లేదు. ఉద్యోగం పేరే ఉన్నది.

అరిస్టాటిల్ ఈ డబ్బు గురించి లోతుగా ఆలోచించాడు. డబ్బు ప్రకృతి వల్ల కాక, మనుషుల కట్టడి వల్ల ఉన్నదని, అందుకే గ్రీకులో దానికి ఆ పేరు వచ్చిందని చెప్పాడు. మంచాలకూ ఇంటికీ మారకం జరగాలంటే రెంటిలో సమానమైనది ఏదో ఉండాలన్నంత దూరం పోయాడు. అక్కడ ఆగిపోయాడు. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో దీనికి కారణం చెప్పాడు: ఆ సమానమైనది మానవశ్రమ. మనుషులు సమానం కారన్న పునాది మీద నిలిచిన సమాజంలో, శ్రమలన్నీ సమానమన్న సత్యం అంతటి మేధావికి కూడా అందలేదు. ఈ ముక్క నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! చెబుతూనే, ఇంటికి వచ్చి అయిదు పంక్తుల చీటీలు రాసుకున్నాను. నగరం, విలువ, కాలం, తూకం, అచ్చు. అరిస్టాటిల్ ఆగినచోటనే నేనూ ఆగాను. ఆయనకు కారణం ఉన్నది. నాకేమున్నది?

అది గతం, ఇప్పుడు బానిసలు లేరు గదా అనవచ్చు. మా కుర్రవాడు నాణెంతోపాటు అమ్మినవారి కాగితం కూడా ఇచ్చాడు. ఎక్కడ దొరికిందన్నచోట ఒక వ్యక్తిగత సేకరణ నుంచి వచ్చిందని మాత్రమే ఉన్నది. ఏ దేశంలో, ఏ నేలలో, ఏ కుండలో, ఇంకా ఏ నాణేలతో కలిసి దొరికిందన్నది లేదు.

ఇది చిన్న లోపం కాదు. 1933లో కాబూల్ నగరంలో చమన్-ఇ-హజూరీ దగ్గర ఒక నిక్షేపం బయటపడ్డది. అందులో గ్రీకు నాణేలతోపాటు మన గాంధార ప్రాంతపు వంచిన వెండికడ్డీ నాణేలు కూడా ఉన్నాయి. కలిసి దొరికాయి గనకనే, ఆ కడ్డీనాణేల కాలం గురించి చరిత్రకారులకు ఒక పట్టు చిక్కింది. అవే నాణేలు విడివిడిగా పదిమంది అలమరల్లో చేరి ఉంటే మన చరిత్రలో ఆ పుట ఖాళీ. నాణెం ఒంటరిగా చెప్పేది తక్కువ. తోటివాటితో, నేలతో కలిసి చెప్పేది ఎక్కువ. ఆ సంబంధాన్ని తెంపితేనే అది అమ్మకపు సరుకవుతుంది.

1984లో టర్కీలో ఎల్మలి ఊరి దగ్గర దాదాపు పందొమ్మిది వందల వెండి నాణేల నిక్షేపాన్ని దొంగచాటుగా తవ్వారు. అందులో ఏథెన్సు పది డ్రాక్మాల నాణేలు డజనుకు పైగా ఉన్నాయి. ప్రపంచంలో అంతకు ముందు తెలిసినవన్నీ కలిపినా ఇంచుమించు అన్నే. ఆ నిక్షేపం దేశం దాటి, అమెరికా సంపన్నుల చేతుల్లో పడ్డది. టర్కీ ప్రభుత్వం ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిపిన మీదట 1999లో తిరిగి వచ్చింది. అది పెద్ద నిక్షేపం గనక తిరిగి వచ్చింది. విడిగా పోయిన నాణేలకు వ్యాజ్యం వేసేదెవరు? ఇటువంటి వ్యాపారంలో రాత్రిపూట తవ్వే పేదవాడికి దక్కేది తక్కువ, పోలీసులకు చిక్కేదీ అతనే. అద్దాల గదిలో వేలం పాడేవాడికి లాభమూ, మర్యాదా రెండూ దక్కుతాయి. తవ్వేవాడు వేరు, అనుభవించేవాడు వేరు అన్న ఏర్పాటు లౌరియన్‌తో పోలేదు.

సేకరించేవారు చేసిన మేలు నేను కాదనను. వారి శ్రద్ధ లేకపోతే ఎన్నో నాణేలు కంసాలి కుంపట్లో కరిగిపోయేవి. గ్రీకు నాణేల శాస్త్రం చాలావరకు వారి అలమరల్లోనే పుట్టింది. కాని ఒకప్పుడు కరగకుండా కాపాడిన అభిరుచే ఈనాడు తవ్వకానికి గిరాకీ పెంచుతున్నది. కొనేవాడు ఉన్నాడు గనక గునపం లేస్తున్నది. మంచి మనసుతో కొన్నానంటే గునపం ఆగదు. మా కుర్రవాడి మనసు మంచిదే. నా మీది అభిమానంతోనే కొన్నాడు. మంచి మనసుకూ, చెడ్డ ఏర్పాటుకూ ఇంత సులభంగా పొత్తు కుదరడమే నన్ను బాధించింది.

“ఇది నేను ఉంచుకోలేను, నాయనా” అన్నాను.

అతని ముఖం చిన్నబోయింది. “అయితే ఎవరికిమ్మంటారు?” అన్నాడు.

ఈ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. అమ్మినవాడికి తిరిగి ఇస్తే ఇంకొకరికి అమ్ముతాడు. గ్రీసుకు పంపుదామంటే, గ్రీసులోనే దొరికిందని రుజువేది? ఆ గాటును బట్టి చూస్తే ఈజిప్టు నేలలోనో, సిరియా నేలలోనో దొరికి ఉండవచ్చు, అదీ ఊహే. ఊరు తెలిస్తే ఊరికి పంపవచ్చు. ఊరు లేకుండా చేసినదాన్ని ఎక్కడికి పంపుతాం? తవ్వినవాడు చేసిన నష్టం అప్పుడర్థమయింది. దొంగసొత్తును తిరిగి ఇచ్చేయవచ్చునన్న ఆశను కూడా అతని గునపం తెంపేసింది.

ఆలోచిస్తూ ఉండగా మన భాషలోని ఒక మాట నాకు తట్టింది. ‘గుర్తించడం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. పోలిక పట్టి ఇది ఫలానా అని చెప్పడం ఒకటి. దాని హక్కును, స్థానాన్ని ఒప్పుకోవడం ఇంకొకటి. కార్మికులు తమ సంఘానికి గుర్తింపు కావాలని సమ్మె చేసినప్పుడు, యజమానికి సంఘం ఏదో తెలియక కాదు. నాయకుల పేర్లు, ముఖాలు అన్నీ అతనికి తెలుసు. తెలిసీ ఒప్పుకోడు. మొదటి అర్థంలో గుర్తించినవాడు రెండో అర్థంలో గుర్తించడానికి నిరాకరిస్తాడు. ముప్ఫయి ఏళ్ళు నేను చేసినదీ ఇంతకంటె గొప్పదేమీ కాదు. మన విద్యలో చాలా భాగం ఈ మొదటి గుర్తింపు దగ్గరే ఆగుతున్నది. సాహిత్య విమర్శలో కావ్యకాలం తేల్చి, ఛందస్సు చెప్పి, అలంకారం చూపించి ఊరుకునే పండితుణ్ణి మనం విమర్శిస్తాం. మన చీటీలు కూడా ఒకసారి చూసుకోవాలి.

రెండో గుర్తింపు సాధ్యమేనా, ఆ బానిసల పేర్లు కూడా లేవు గదా అనవచ్చు. చాలావరకు లేవు. కాని లౌరియన్‌లో క్రీ. పూ. నాలుగవ శతాబ్దపు సమాధిరాయి ఒకటి దొరికింది. అది గనిపనివాడిది. అతని పేరు అటోటస్. నల్లసముద్రపు ఒడ్డున ఉన్న పఫ్లగోనియా దేశస్థుడు. బానిసో, విడుదలైనవాడో రాయి చెప్పదు. తన వంశం గురించి అందులో గొప్పగా ఉన్నది. తన పనితనంతో పోటీపడగలవాడు ఎవడూ లేడని ఉన్నది. వెయ్యి ఎప్పుడూ వెయ్యే అన్న లెక్కను ఆ ఒక్క రాయి చెడగొడుతున్నది. అతను తనను జాలితలచమని అడగలేదు. తన నేర్పును ఒప్పుకోమన్నాడు.

రెండు రోజుల తరవాత మా కుర్రవాడు తిరుగు ప్రయాణమయ్యాడు. నాణేన్ని పెట్టెలో పెట్టి ఇచ్చేశాను. ఎప్పటికైనా ఊరు తేలితే ఆ ఊరి దేశానికి ఇవ్వాలని, అంతవరకు అమ్మకూడదని, మళ్ళీ ఇటువంటిది కొనకూడదని మాట తీసుకున్నాను. ఇది పరిష్కారమని నేను చెప్పను. ఒక నాణెం ఒక అలమర నుంచి ఇంకొక అలమరకు పోయింది, అంతే. కాని చీటీ మాత్రం కొత్తది రాశాను. పాత అయిదు పంక్తుల కింద ఇంకా అయిదు చేర్చాను.

వెండి: లౌరియన్‌ది కావచ్చు. తవ్వినది: అద్దెకు పోయిన బానిసలు, పేర్లు తెలియవు. నాణ్యం పరీక్షించినది: గాటు పెట్టిన ఒక చెయ్యి, ఎవరిదో తెలియదు. దొరికిన చోటు: అమ్మినవారు చెప్పలేదు. మళ్ళీ తవ్వినది: అమ్మినవారు చెప్పలేదు.

మా కుర్రవాడు చదివి, “ఇందులో అన్నీ తెలియదనే ఉన్నాయి గదండీ” అన్నాడు.

“అవును. పాత చీటీలో ఆ ఖాళీలు కూడా లేవు” అన్నాను.

చీటీని మడిచి నాణెంతోపాటు పెట్టెలో పెట్టుకుని వెళ్ళాడు.